నాన్నగారి కాలి పుండుకు నానో పోగుల కట్టు: తెలిసినవారు చెప్పగలరా?

కొల్లేటి_గాలి · 2 జూన్, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. సంక్రాంతి ముందు కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో ఒక ఆనె లేచింది. అది పగిలి పుండయింది. ఐదు నెలలు కావస్తున్నా మానడం లేదు. నిన్న స్కేలు పెట్టి కొలిచాను: పొడవు 3.2 సెంటీమీటర్లు, వెడల్పు 2.6. నొప్పి లేదంటారు. నొప్పి లేదు కాబట్టే నా కళ్లుగప్పి చేను గట్ల మీద తిరిగి వస్తుంటారు.

రోజు విడిచి రోజు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో కట్టు మార్పిస్తున్నాను. గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోతుంది. దాన్ని ఊడదీసేటప్పుడు కొత్తగా పుట్టిన ఎర్రటి కండ కూడా లేచి వస్తుంది. చుక్కలు చుక్కలుగా రక్తం. ఆ కాలు తిమ్మిరి కాబట్టి నాన్నగారు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంటారు. చూడలేనిది నేనే.

మొన్న మందుల దుకాణంలో "నానో కట్టు" అని ఒకటి చూపించారు. ఒక్కొక్కటి 1,900 రూపాయలు, వారానికి రెండు కావాలన్నారు. నానో పోగులతో అల్లిన కట్లు గాయంలోకి మందును కొద్దికొద్దిగా వదులుతాయని పత్రికలో కూడా చదివాను. ఇవి రెండూ ఒకటేనా? కొనమంటారా? డబ్బు సర్దుబాటు చేసుకోగలను. తప్పు చేస్తానేమోనన్నదే భయం.

నూలుపోగు · 2 జూన్, రాత్రి 11:35

నమస్తే అండీ. ఆరేళ్లుగా విశాఖలో ఒక పరిశోధనశాలలో ఈ పోగులు తీసే పనే చేస్తున్నాను. రెండూ ఒకటి కాకపోవచ్చు. ఆ డబ్బా మీద "సిల్వర్" అనే మాట ఉందేమో చూడండి. నానో వెండి అంటే వెండిని అతి సన్నని రేణువులుగా చేసి గుడ్డకో నురుగుకో పట్టించడం. సూక్ష్మజీవులను చంపడం దాని పని. అటువంటి కట్లు 1990ల చివరి నుంచే దొరుకుతున్నాయి. నానో పోగుల కట్టులో అసలు గుడ్డే వేరు.

ఆ గుడ్డ ఎలా తయారవుతుందో చెబుతాను. ఒక సిరంజిలో పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం, దాని ద్రావణం పోస్తాం. జెలటిన్ కావచ్చు, పట్టులోని ఫైబ్రాయిన్ కావచ్చు, పీసీఎల్ అనే, శరీరంలో కరిగిపోయే ప్లాస్టిక్ కావచ్చు. సూదికి పదిహేను, ఇరవై వేల వోల్టుల విద్యుత్తు ఇస్తాం. ఎదురుగా జానెడు దూరంలో అల్యూమినియం రేకు ఉంటుంది. సూది కొనన చుక్క ముందు గుండ్రంగా ఉబ్బుతుంది. వోల్టేజి పెంచుతూ పోతే అది వణుకుతుంది, సాగుతుంది, ఒక దశలో మొన తేలిన శంకువు అవుతుంది. ఆ మొనలోంచి కంటికి కనీకనిపించని ధార ఒకటి బయలుదేరుతుంది. కొద్ది దూరం తిన్నగా వెళ్లి, ఆపైన కొరడా ఝళిపించినట్టు చుట్లు చుట్లుగా తిరుగుతూ సన్నబడుతుంది. రేకును చేరేలోపు ద్రావకం ఆవిరైపోయి పొడి పోగు మిగులుతుంది. మూడు నాలుగు గంటలు నడిపితే రేకు మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని ఒలిచి చేతిలోకి తీసుకుంటే నాకు ఎప్పుడూ ఆత్రేయపురం పూతరేకే గుర్తొస్తుంది. అంత తెలుపు, అంత తేలిక, ఊపిరి తగిలితే లేస్తుంది.

ఆ పోగు మందం సుమారు 200 నానోమీటర్లు, అంటే మన వెంట్రుకలో దాదాపు 400వ వంతు. లెక్క వేసి చూడండి. ఒక్క గ్రాము పదార్థాన్ని అంత సన్నగా తీస్తే పొడవు 26 వేల కిలోమీటర్లు దాటుతుంది. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి ఎనిమిదిసార్లు పరవవచ్చు. దాని ఉపరితలం సుమారు 16 చదరపు మీటర్లు, ఒక పడకగది నేలంత. గ్రాము దూది పోగులకు పావు చదరపు మీటరు కూడా రాదు.

ఇంత సన్నదనం గాయానికి ఎందుకంటే, మన చర్మం కింద కణాలు నిలబడే కొలాజెన్ వల కూడా 50 నుంచి 500 నానోమీటర్ల పోగులతోనే అల్లి ఉంటుంది. కొత్త కణానికి ఈ గుడ్డ తన సొంత నేలలా అనిపించి పట్టుకుని పాకుతుంది. పోగుల మధ్య సందులు సూక్ష్మజీవికి ఇరుకు, గాలికీ ఆవిరికీ విశాలం. ఇక పోగు లోపల మందును దాచవచ్చు. నా పనంతా ఆ దాచడం గురించే.

రేపు ఆ డబ్బా మీద ఏముందో రాయండి. అప్పటిదాకా కొనకండి.

వార్డు_సిస్టర్ · 3 జూన్, ఉదయం 6:20

అమ్మా, నేను శస్త్రచికిత్స వార్డులో 22 ఏళ్లుగా నర్సుగా ఉన్నాను. నానో సంగతి పెద్దలు చెబుతారు. ఈ రోజు నుంచే చేయవలసినవి రెండు నేను చెబుతాను.

గాజుగుడ్డను పొడిగా లాగనివ్వవద్దు. దాని మీద సెలైన్ నీళ్లు ధారగా పోసి ఐదు పది నిమిషాలు ఆగమనండి. తడిసి, దానంతట అది వదులుతుంది. లేచి వస్తున్న ఆ ఎర్రటి కండే మీరు ఐదు నెలలుగా ఎదురుచూస్తున్న కండ. అతుక్కోని జాలి కట్టు, పారఫిన్ పట్టించినది, తక్కువ ధరకే దొరుకుతుంది. అది వేసి పైన గాజుగుడ్డ వేయవచ్చేమో మీ డాక్టరుగారిని అడగండి.

రెండోది, నాన్నగారు ఆ కాలి మీద నడుస్తున్నంతకాలం ఏ కట్టు వేసినా నీళ్లలో పోసినట్టే. ఆయన రోజుకు ఎన్ని అడుగులు వేస్తున్నారు? చెప్పులు ఎలాంటివి? చెప్పుల అడుగు భాగం ఫోటో పెట్టగలరా?

కొల్లేటి_గాలి · 3 జూన్, మధ్యాహ్నం 1:05

డబ్బా మీద నూలుపోగు గారు అన్నట్టే "నానో సిల్వర్" అని ఉంది. పోగుల మాట లేదు.

చెప్పులు తిరగేసి చూశాను సిస్టర్‌గారూ. మామూలు హవాయి చెప్పులు. కుడి చెప్పులో సరిగ్గా బొటనవేలి మొదట్లో రబ్బరు అరిగి పల్లం పడింది. వేలు పెడితే అవతలి నేల గట్టిగా తగులుతోంది. ఇన్నాళ్లూ ఇంట్లో గుమ్మం పక్కనే పడి ఉన్న చెప్పు. మేం ఎవరం చూడలేదు.

పాదరక్ష · 3 జూన్, రాత్రి 10:15

నేను శస్త్రవైద్యుణ్ణి. మధుమేహ పాదాలే ఎక్కువ చూస్తాను. కాలు చూడకుండా వైద్యం చెప్పను కానీ, ఆ చెప్పు పల్లం మాత్రం మీ నాన్నగారి పుండు కథ మొత్తం చెప్పేసింది.

1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ల తరబడి గమనించి గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: ఈ పుండ్లు మాంసం కుళ్లిపోవడం వల్ల రావు, స్పర్శ లేని పాదం ఒకే చోట వేలసార్లు నేలకు నొక్కుకోవడం వల్ల వస్తాయి. మనకు నొప్పి ఉంటుంది కాబట్టి తెలియకుండానే బరువు పక్కకు మారుస్తాం. నొప్పి పోయినవారు మార్చరు. ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో రాసిచ్చే ఎంసీఆర్ చెప్పులు, మెత్తటి రబ్బరు అట్టవి, ఆ వెల్లూరు పని నుంచి వచ్చినవే. తర్వాత అమెరికాలోని కుష్ఠు ఆసుపత్రి ఉన్న కార్‌విల్లో ఆయన చేసిన కృషితోనే, పాదాన్ని అంటిపెట్టుకుని మోకాలి కింది దాకా వేసే సిమెంటు కట్టు మధుమేహ పుండ్లకు బాగా వాడుకలోకి వచ్చింది. అది బరువును పాదమంతటికీ పంచుతుంది.

మీ డాక్టరుగారితో ఇవి మాట్లాడండి. పది గ్రాముల నైలాన్ తీగతో స్పర్శ చూశారా? చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు పోల్చి కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో తేల్చారా? పుండు లోపల ఎముక తగులుతోందా? ఎక్స్‌రే తీశారా? పుండు చుట్టూ ఆనె, లోపల చచ్చిన కండ కోసి శుభ్రం చేస్తున్నారా? ఇవి అయిన తర్వాతే కట్టు ప్రశ్న.

కాలు ఎర్రబడి వేడిగా ఉబ్బినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా ఇక్కడ రాస్తూ కూర్చోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

వెండి కట్టు విషయం: మధుమేహ పాదం మీద అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు, పుండు మానడం కోసమని వెండి వంటి సూక్ష్మజీవి నాశక కట్లను వాడవద్దనే చెబుతున్నాయి. ఆ 1,900తో నాన్నగారికి చెప్పులు కొనండి.

పసుపుకొమ్ము · 4 జూన్, ఉదయం 8:50

మాది నిజామాబాదు. మా ఇంటి పంటే పసుపు. నానో పోగుల్లో పసుపు సారం పెట్టి గాయాలకు వాడుతున్నారని విన్నాను. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే మా నాయనమ్మ పసుపు అద్దేది, మానిపోయేది. మరి ఆ పసుపే వీరు పుండు మీద చల్లితే తప్పేమిటి? అంత యంత్రం ఎందుకు?

నూలుపోగు · 4 జూన్, మధ్యాహ్నం 12:30

పసుపుకొమ్ము గారూ, మీ నాయనమ్మగారి అనుభవం చిన్నది కాదు. గాయానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చారు. అది మా దేశంలో తరతరాలుగా తెలిసిన విషయమని మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసింది. పాత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు సాక్ష్యంగా చూపింది. 1997లో ఆ పేటెంటును రద్దు చేశారు. అంటే నాయనమ్మల జ్ఞానం అమెరికా పేటెంటు కార్యాలయంలో సాక్ష్యమై నిలిచింది.

అయినా వీరి పుండు మీద వంటింటి పసుపు చల్లవద్దు. కొట్టుకుపోయిన మోకాలు వేరు. అది ఆరోగ్యవంతుడైన పిల్లవాడి చర్మం, దానంతట అది కూడా మానుతుంది. ఇది ఐదు నెలల లోతైన పుండు, రక్తం సరిగా అందుతోందో లేదో తెలియని కాలు. కొమ్ము మట్టిలోంచి వచ్చింది. దంచేటప్పుడు మట్టిలోని సూక్ష్మజీవుల బీజాలు చావవు. బజారు పొడిలో రంగు కూడా కలిసి ఉండవచ్చు.

ఇక యంత్రం ఎందుకన్నారు. పసుపులో పనిచేసే కుర్కుమిన్ బరువులో సుమారు మూడు శాతమే. అది నీళ్లలో దాదాపు కరగదు. కరిగినంత మేరకు కూడా నిలవదు: మన రక్తమంత క్షారత ఉన్న ద్రావణంలో అరగంటలో తొంభై శాతం విరిగిపోతుంది. వెలుతురుకు కూడా పాడవుతుంది. మానని పుండులో ద్రవం క్షారంగానే ఉంటుంది. అంటే పుండు మీద చల్లిన పసుపులో చాలా భాగం కరగక రేణువులుగా మిగులుతుంది, కరిగింది కాస్తా విరిగిపోతుంది.

పోగులో పెడితే కుర్కుమిన్ అణువులు పాలిమర్ గొలుసుల మధ్య ఇరుక్కుని ఉంటాయి. నీరు వాటిని చేరేదాకా చెడవు. పోగు కొద్దికొద్దిగా తడిసి, అరుగుతూ ఉంటే అవీ కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. పచ్చటి పొరను రెండు సెంటీమీటర్ల ముక్కగా కోసి, 37 డిగ్రీల ఉప్పునీటిలో వేసి, గంట గంటకూ ఒక మిల్లీలీటరు తీసి రంగు కొలవడం నా రోజువారీ పని.

మొదటి ఏడాది మా పొరలన్నీ విఫలమయ్యాయి. లోపల దాచామనుకున్న మందులో సగానికి పైగా మొదటి ఆరు గంటల్లోనే బయటికి వచ్చేసింది. పోగు ఎండేటప్పుడు మందు ఉపరితలానికి చేరుకుని అక్కడే కూర్చుంటుంది, తడి తగలగానే దూకేస్తుంది. దీన్ని మేం బర్స్ట్ అంటాం. ఈ రంగంలో అందరూ మొదట తగిలించుకునే దెబ్బ ఇదే. తర్వాత సూదిలో సూది పెట్టి తీశాం: లోపలి సూదిలో మందు, బయటి సూదిలో పాలిమర్. పూర్ణం బూరె ఎలా ఉంటుందో అలా, లోపల పూర్ణం, చుట్టూ తోపు. అప్పుడు విడుదల ఆరు గంటల నుంచి రోజులకు సాగింది. ఆ గీత గ్రాఫు మీద నెమ్మదిగా పైకి పాకిన సాయంత్రం నేను ఇంటికి ఎలా వెళ్లానో గుర్తులేదు.

చెరువుగట్టు · 4 జూన్, రాత్రి 8:40

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. పీలింగ్ షెడ్ల దగ్గర తలకాయలు, పెంకులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి నుంచి గాయాల కట్టుకు పనికొచ్చే పదార్థం తీస్తారని ఎవరో చెప్పారు. నిజమేనా?

నూలుపోగు · 4 జూన్, రాత్రి 9:55

నిజమేనండీ. పెంకులో ఖైటిన్ ఉంటుంది. పెంకును ఆమ్లంలో వేసి సున్నం తీసేసి, క్షారంతో మాంసకృత్తులు తీసేసి, మిగిలిన ఖైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో మరిగిస్తే కైటోసాన్ వస్తుంది. దానికి ధన విద్యుదావేశం ఉంటుంది, రక్తకణాలకు రుణావేశం. రెండూ అంటుకుని రక్తం గట్టిపడుతుంది. అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో రక్తం ఆపడానికి కైటోసాన్ కట్లు వాడింది.

కానీ దాన్ని పోగుగా తీయడం మహా కష్టం. ఆ ఆవేశమే అడ్డుపడుతుంది: గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ద్రావణం జిగటగా తయారవుతుంది, చుక్క సాగకుండా తుంపరై చిందుతుంది. పీఈవో అనే మరో పాలిమర్‌ను తోడు కలిపితేనే పోగు వస్తుంది. వానాకాలం విశాఖ గాలిలో తేమకు అదీ సరిగా ఆరదు. పోగుల మీద పూసలు పూసలుగా గడ్డలు కడతాయి. జూలై, ఆగస్టుల్లో మేం తీసిన పొరల్లో చాలా భాగం పారవేయవలసి వచ్చింది. ఇప్పుడు గదిలో తేమ తీసే యంత్రం పెట్టుకున్నాం.

ఆక్రన్_మంచు · 5 జూన్, ఉదయం 5:30

ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాలిమర్లు చదివాను. ఈ విద్య కొత్తది కాదు. ఆంటన్ ఫార్మ్‌హాల్స్ 1934లోనే విద్యుత్తుతో దారం తీయడానికి అమెరికా పేటెంటు పొందాడు, ఆయన ఆలోచన బట్టల కోసం. 1930ల చివర సోవియట్ దేశంలో ఇలాంటి పోగులతో విషవాయువు ముసుగులకు వడపోత గుడ్డలు చేశారు. నూలుపోగు గారు చెప్పిన ఆ శంకువును లెక్క కట్టింది బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త జెఫ్రీ టేలర్, 1964లో. విద్యుత్ క్షేత్రంలో నీటి చుక్క ఎలా చీలుతుందో చూస్తూ, మొన దగ్గర అర్ధకోణం 49.3 డిగ్రీలని తేల్చాడు. తర్వాత మరుగున పడిన విద్యను 1990ల్లో మళ్లీ వెలికి తెచ్చింది ఇక్కడి డారెల్ రెనెకర్ బృందం.

అడిగినవారికి ఉపయోగపడే మాట: అమెరికాలో రెస్ట్రాటా అనే పోగుల పొరకు 2017లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కరిగిపోయే కుట్టుదారాల పదార్థాలతోనే తీసిన పోగులు. ఇజ్రాయెల్‌లో స్పిన్‌కేర్ అనే చేతి యంత్రం ఉంది, కాలిన గాయం మీద తుపాకీలా పట్టుకుని పోగులను నేరుగా చల్లుతారు. ఒక సంగతి గమనించండి. రెస్ట్రాటా పోగుల్లో మందు లేదు. ఉత్త వల మాత్రమే.

పాదరక్ష · 5 జూన్, రాత్రి 9:20

ఆక్రన్ మిత్రులు ఆఖరున చెప్పిన మాట దగ్గరే నా అభ్యంతరం అంతా ఉంది. ఇరవై ఏళ్లకు పైగా వ్యాసాలు వస్తున్నాయి. కుర్కుమిన్ పోగు, తేనె పోగు, కలబంద పోగు, యాంటీబయాటిక్ పోగు. ప్రతి వ్యాసంలోనూ ఎలుక వీపు మీద గుండ్రంగా ఒక గాయం చేస్తారు, రెండు వారాల్లో మానిందని ఫోటో పెడతారు. ఎలుక చర్మం కింద మనకు లేని పలుచటి కండర పొర ఉంటుంది. దాని గాయం ప్రధానంగా ముడుచుకుని మూసుకుంటుంది. మనిషి గాయం కొత్త కండ పుట్టి, పైన చర్మం పాకి మూతపడాలి. ఆ ఎలుక అరికాలి మీద డెబ్బై కిలోల బరువు వేసుకుని చేను గట్టు మీద నడవదు. ఆ ఫోటోలు పత్రికలకెక్కి, ఈ అమ్మాయిలాంటివారు 1,900 రూపాయల డబ్బా ముందు నిలబడుతున్నారు. అది నన్ను బాధిస్తుంది.

నూలుపోగు · 5 జూన్, రాత్రి 11:50

డాక్టరుగారూ, మీ బాధలో నిజం ఉంది. నేను దాచను. కొలంబియాలో ఒక పరీక్ష జరిగింది. లీష్మానియా పరాన్నజీవి వల్ల చర్మం మీద పుండ్లు పడినవారికి, నైట్రిక్ ఆక్సైడ్ వదిలే నానో పోగుల పట్టీ ఒక జట్టుకు, ఎప్పటి నుంచో వాడుతున్న యాంటిమొని ఇంజెక్షను మరో జట్టుకు ఇచ్చారు. 2010లో ఫలితాలు ప్రచురించారు. ఇంజెక్షనుతో సుమారు 95 శాతం మందికి నయమైంది. పట్టీతో సుమారు 37 శాతం మందికే. దుష్ఫలితాలు పట్టీతో తక్కువే, కానీ నయం కానప్పుడు ఏం లాభం? మా పరిశోధనశాలకు కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ ముందు ఆ ఫలితమే చెబుతాను. పోగు అందంగా రావడం వేరు, మనిషికి మానడం వేరు.

మాకున్న చిక్కులు ఇంకా ఉన్నాయి. మా సూది గంటకు ఒక మిల్లీలీటరు ద్రావణం తాగుతుంది. ఒక్క అరచేయంత పొరకు సగం రోజు. పోగులో ద్రావకం ఆనవాలు మిగిలితే కణాలకు విషం. సూక్ష్మజీవరహితం చేద్దామంటే పీసీఎల్ 60 డిగ్రీలకే కరుగుతుంది, ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవు వేడి 121. గామా కిరణాలు పెడితే గొలుసులు తెగుతాయి, లోపలి మందు చెడవచ్చు. ఇక అనుమతుల దగ్గర, మందు ఉన్న కట్టు అటు పరికరం, ఇటు ఔషధం. రెండు వైపులా రుజువు చూపాలి.

అయినా ఈ పని వదలను. ఎందుకో చెబుతాను. మానని పుండులో కొన్ని ఎంజైములు అదుపు తప్పి, కణాలు పెరగడానికి శరీరం పంపే ప్రోటీన్లను, అంటే వృద్ధి కారకాలను, వచ్చినవి వచ్చినట్టు నమిలేస్తుంటాయి. మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసే ఈజీఎఫ్ జెల్ ఉంది కదా, అందులోదీ అలాంటి వృద్ధి కారకమే. ఆ ప్రోటీను పుండు మీద పడిన క్షణం నుంచి ఆ ఎంజైముల నోట్లోనే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ రాయాలి. దాన్నే పోగు కడుపులో దాచి, మూడు నాలుగు రోజులు కొద్దికొద్దిగా వదలగలిగితే? కట్టు విప్పడం తగ్గుతుంది, కండ లేచిపోవడం తగ్గుతుంది. మొదటి పోస్టులో ఈ అమ్మాయి రాసిన ఆ రక్తపు చుక్కల కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

పాదరక్ష · 6 జూన్, ఉదయం 6:45

ఆ ఎంజైముల మాట సరైనది. నిన్న కోపంలో దాన్ని వదిలేశాను. దానికి మనుషుల్లో ఒక రుజువు కూడా ఉంది. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అనే పదార్థం పట్టించిన కట్టును ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, బ్రిటన్ దేశాల ఆసుపత్రుల్లో 240 మంది మీద పరీక్షించారు. అందరివీ స్పర్శ పోయి, రక్తప్రసారం కొంత తగ్గిన పాదాలే, చీము లేని పుండ్లు. ఒక జట్టుకు మందు ఉన్న కట్టు, మరో జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే మందు లేని కట్టు. ఎవరికి ఏది వేశారో రోగికీ వైద్యుడికీ తెలియదు. 20 వారాలకు మొదటి జట్టులో 48 శాతం, రెండో జట్టులో 30 శాతం పుండ్లు పూర్తిగా మానాయి. 2018లో ప్రచురితమైంది. ముందు నేను చెప్పిన మార్గదర్శకాలు వెండిని వద్దంటూనే దీన్ని మాత్రం తగిన రోగులకు పరిశీలించమన్నాయి. అది నానో పోగు కాదు. కానీ కట్టు నుంచి వచ్చే పదార్థం మానడాన్ని మార్చగలదని అది చూపింది.

మీ పోగులు అలాంటి పరీక్షకు వచ్చిన రోజు నా రోగులను నేనే అడుగుతాను. పూర్తిగా మందు లేని పోగుతో పోల్చండి, గుడ్డతో కాదు. రెండు జట్లకూ చెప్పులు, సిమెంటు కట్టు సమానంగా ఉండాలి.

నూలుపోగు · 6 జూన్, ఉదయం 7:10

రాసి పెట్టుకున్నాను డాక్టరుగారూ. మందు లేని పోగుతో పోలిక అనేది మా ఎలుకల ప్రయోగాల్లో కూడా ఇకనుంచి తప్పనిసరి చేస్తాను.

కొల్లేటి_గాలి · 9 జూన్, సాయంత్రం 6:30

ఇవాళ ఏలూరులో పెద్ద డాక్టరుగారికి చూపించాం. మీరు రాసినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. నైలాన్ తీగ పెట్టి అడిగితే రెండు పాదాల్లోనూ నాన్నగారు పదింటిలో మూడే చెప్పగలిగారు. ఆయన ముఖం చూడవలసి వచ్చింది. తీగ వంగుతోంది, ఆయనకు తెలియడం లేదు, "పెట్టారా?" అని అడుగుతున్నారు.

రక్తప్రసారం ఫరవాలేదన్నారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. చుట్టూ ఉన్న ఆనెను గట్టు చెక్కినట్టు కోసేశారు. లోపల శుభ్రం చేసి, అతుక్కోని జాలి, దాని మీద నురుగు కట్టు వేశారు. మోకాలి కింది దాకా సిమెంటు కట్టు వేసి, వారానికోసారి విప్పి చూస్తామన్నారు. నానో పోగుల గురించి అడిగాను. ఇప్పుడు అవసరం లేదు, నెల రోజులు చూద్దామన్నారు.

సిస్టర్‌గారూ, వారానికోసారి పుండును ఇంకా సరిగ్గా కొలిచే పద్ధతి ఏదైనా ఉందా?

వార్డు_సిస్టర్ · 9 జూన్, రాత్రి 8:00

ఉందమ్మా. శుభ్రమైన పారదర్శక ప్లాస్టిక్ కవరును రెండు పొరలుగా పట్టుకుని పుండు మీద ఆనించమను. పైపొర మీద అంచు వెంబడి పెన్నుతో గీత గీయాలి. పుండును తాకిన కింది పొర కోసి పారేసి, పైది గ్రాఫు కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టు. తేదీ రాసి దాచు. కట్టు మార్చే సిస్టరుకు చెబితే ఆవిడే గీసి ఇస్తుంది.

నాన్నగారు ఎడమ కాలికి కూడా తీగ చెప్పలేకపోయారు కదా. రోజూ రాత్రి దీపం కింద ఆ అరికాలు కూడా చూడు. చూడటం ఆయన పని కాదు, నీ పని. ఆయనకు తెలియదు.

పాదరక్ష · 9 జూన్, రాత్రి 10:40

నాలుగు వారాలకు వైశాల్యం సగానికి తగ్గాలి. తగ్గితే ఇదే దారి. తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి, అప్పుడు ఈజీఎఫ్ జెల్ వంటివి కూడా లెక్కలోకి వస్తాయి. షుగరు అదుపు మాట విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను.

కొల్లేటి_గాలి · 7 జూలై, రాత్రి 8:15

నాలుగో వారం. ప్లాస్టిక్ కాగితాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి అడ్డంగా పట్టుకుని చూశాను. గీతలు ఒకదాని లోపల ఒకటి, చెరువులో నీళ్లు తగ్గుతుంటే గట్టున మిగిలే చారల్లా ఉన్నాయి. ఇవాళ పొడవు 2.2, వెడల్పు 1.8. సగం కంటే కాస్త ఎక్కువే తగ్గింది. అంచున గులాబీ రంగు చర్మం సన్నగా లోపలికి పాకుతోంది. కట్టు విప్పినప్పుడు రక్తం రాలేదు.

నాన్నగారికి సిమెంటు కట్టుతో దురద, చిరాకు. చేను చూడక నెలయిందని రోజూ అంటున్నారు. నిన్న తమ్ముడు ఫోనులో వీడియో పిలుపు పెట్టి గట్టు మొత్తం తిప్పి చూపించాడు.

ఎంసీఆర్ చెప్పులకు కొలతలు ఇచ్చాం. సిమెంటు కట్టు తీసే రోజుకు సిద్ధమవుతాయన్నారు.

నూలుపోగు · 7 జూలై, రాత్రి 9:05

ఆ నాలుగు గీతల ఫోటో పెట్టగలరా అండీ? నాన్నగారి పేరు, ఊరు ఏమీ అక్కర్లేదు. మా పరిశోధనశాల గోడకు పెట్టుకుంటాను.

వార్డు_సిస్టర్ · 7 జూలై, రాత్రి 9:30

సంతోషం అమ్మా. ఎడమ అరికాలు చూస్తున్నావా?

కొల్లేటి_గాలి · 7 జూలై, రాత్రి 9:42

రోజూ చూస్తున్నాను సిస్టర్‌గారూ. ఇప్పుడే చూసి వచ్చాను. మడమ దగ్గర చిన్న పగులు ఒకటి ఉంది, నూనె రాశాను. రేపు డాక్టరుగారికి చూపిస్తాను.